రానన్న మనిషికి బండి

ఆ వానాకాలం ముందు వరకూ మా ఇంటి కోడళ్లిద్దరం పొద్దున్నే ఒకే బస్సెక్కి ఒకే ఆఫీసుకి వెళ్లేవాళ్లం. ఆ వానలు తగ్గాక నేనొక్కదాన్నే వెళ్తున్నాను. మధ్యలో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే మా అత్తగారు "చిన్నది రాసింది, పెద్దది పోగొట్టుకుంది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆవిడ చెప్పేది అబద్ధం కాదు గాని, జరిగింది అంతకంటే కాస్త పొడుగు.

మా కంపెనీ పని రోగులను ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చడం. వాళ్లలో ఎక్కువమంది డయాలసిస్‌వాళ్లు. కిడ్నీలు పనిచేయడం మానేస్తే రోజు విడిచి రోజు వెళ్లి మెషీన్ పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. మానేస్తే ఒంట్లో నీరు చేరి ఊపిరి ఆడదు. వాళ్లు ఫోను చేసేదీ, బండి ఎటు వెళ్లాలో తేల్చేదీ కింది అంతస్తులో ఉన్న డెస్కులో. ఆ డెస్కు మా అక్కది. అక్క అంటే మా తోడికోడలు, బావగారి భార్య. పెళ్లయిన కొత్తలో అక్కడ చేరి, ఆ కుర్చీలోనే జుట్టు నెరిపించుకుంది. డ్రైవర్లు ఎదురుగా మేడమ్ అనీ, వెనకాల హెడ్డుగారనీ అంటారు. ఆమె గొంతు వింటే చాలు, ఊళ్లో ఏ మూల ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడైనా టీ కోసం ఆగానని అబద్ధం చెప్పడానికి జంకుతాడు.

నేను పై అంతస్తులో ఉంటాను. ఎవరూ చదవని యూజర్ మాన్యువల్స్ రాయడం నా ఉద్యోగం. ఫలానా బటన్ ఎక్కడుందో బొమ్మలతో సహా రాసేదాన్ని, జనం నాకే ఫోను చేసి ఆ బటన్ ఎక్కడుందని అడిగేవారు.

ఆ ఏడు వానలు మొదలైన వారమే ఏజెంట్ కూడా వచ్చింది. ఏఐ ఏజెంట్. ఫోనెత్తి మాట్లాడుతుంది, అవతలి మనిషి చెప్పింది విని ఏం చేయాలో తనే ఆలోచించుకుని చేస్తుంది. చేయడానికి మా ఇంజనీర్లు దానికి కొన్ని పనిముట్లు ఇచ్చారు. బండ్లను వెతికేది ఒకటి, బండిని పంపేది ఒకటి, ట్రిప్పు రద్దు చేసేది ఒకటి, డ్రైవరుకు కబురు పెట్టేది ఒకటి, అలా. ప్రతి పనిముట్టుకీ ఒక వివరణ ఉండాలి. అదేం చేస్తుంది, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, దానికి ఏం ఇవ్వాలి, బదులుగా ఏం వస్తుంది. ఆ నాలుగు వాక్యాలు చదివాకే ఏజెంట్ ఏ పనిముట్టు తీయాలో నిర్ణయించుకుంటుంది. మన స్క్రీన్లు దానికి కనబడవు, డెస్కులో ఒకరితో ఒకరు అనుకునే మాటలు వినబడవు. ఆ వివరణలు రాసే పని నా నెత్తిన పడింది.

"ఈ వానలన్నీ చూద్దాం" అన్నాడు మేనేజరు. "వానల్లో నెగ్గుకొస్తే ఇక ఎప్పుడైనా నెగ్గుకొస్తుంది. అప్పుడు డెస్కు మొత్తం దానికే ఇచ్చేద్దాం."

"డెస్కులో ఉన్నవాళ్ల సంగతి?"

"ఎక్కడైనా సర్దుతాం, వీలైతే." ఆ 'వీలైతే' అంటున్నప్పుడు ఆయన నన్ను చూడలేదు. "మీకేం, అడగడానికి మనిషి ఇంట్లోనే ఉంది. మీ తోడికోడలిగారిని అడిగి రాసెయ్యండి."

సాయంత్రం బస్సులో చెబుదామనుకుని నోరు రాక, ఇంటికొచ్చి భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పాను. బావగారు తినడం ఆపేశారు. మా ఆయన నా వంక చూసి, ఇదేదో నేను ఇంటికి తెచ్చిన జబ్బులాగా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. అత్తగారికి మాత్రం విషయం పూర్తిగా తెలిస్తేగాని తృప్తి ఉండదు.

"అయితే ఏంటి, పెద్దదాని పనంతా దానికి నేర్పాలా?"

"అవునత్తయ్యా."

"దానికి కళ్లు లేవా? చూసి నేర్చుకోవచ్చుగా?"

"మనం ఏది రాస్తే అదే తెలుస్తుంది దానికి."

"అంటే మూడో కోడలొచ్చిందన్నమాట ఇంటికి. నోటికాడి కూడు తీసి దాని నోట్లో పెట్టడానికి ఇదొకటి" అని నన్ను చూపించారు.

అక్క భోజనం ముగించి, చెయ్యి కడుక్కొచ్చి, "రేపు పది తర్వాత డెస్కుకి రా. అప్పుడు ఫోన్లు కాస్త తగ్గుతాయి" అంది.

అలా మొదలైంది. రోజూ పదింటికి ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. ఆమె ఒక చెవిలో రోగులు, ఒక చెవిలో నేను. మొదటిరోజే నా తెలివి తెల్లారింది. బండ్లు వెతికే పనిముట్టుకి 'ఆ సమయానికి దగ్గరలో ఉన్న బండ్లను చూపిస్తుంది' అని రాశాను. చూడటానికి ముద్దుగానే ఉంది వాక్యం. పరీక్ష పెడితే ఏజెంట్ షెడ్డులో ఇంజన్ ఊడదీసి ఉన్న బండిని నడవలేని రోగికి పంపించింది. దగ్గరలో ఉన్నది అదే మరి. షెడ్డు మా ఆఫీసు వెనకాలే.

అక్క నవ్వింది. ఆ వానాకాలంలో ఆమె నాతో కలిసి నవ్వింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

"అది నిన్ను నమ్మింది, పాపం" అంది. "ఆ లిస్టులో రిపేరువి కూడా వస్తాయి. పక్కన 'సిద్ధం' అని ఉంటేనే పంపాలి. స్ట్రెచర్ పట్టేవి వేరు, కుర్చీ పట్టేవి వేరు. అదీ రాయి."

రాశాను. ట్రిప్పును మార్చడానికి రెండు పనిముట్లుంటే, ఏది ఎప్పుడు తీయాలో తెలియక ఏజెంట్ తడబడుతోందని ఇంజనీర్లతో పోట్లాడి ఆ రెండింటినీ ఒకటి చేయించాను. పనికిరాని వాక్యాలు తీసేశాను. 'తగినట్టుగా', 'అవసరాన్ని బట్టి' లాంటి మాటలు ఎక్కడ కనిపించినా కొట్టేశాను. ఏది తగినదో, ఏది అవసరమో చెప్పడానికేగా నాకు జీతం. రోజురోజుకీ ఏజెంట్ మెరుగైంది. అది మెరుగవుతున్నకొద్దీ అక్క జవాబులు పొట్టివయ్యాయి.

ఒకరోజు నేను ఏదో తవ్వి తవ్వి అడుగుతుంటే హెడ్‌ఫోన్ పక్కకి జరిపి నా వైపు తిరిగింది.

"చూడు. నువ్వు అడిగినదానికి జవాబు చెప్తాను. అబద్ధం చెప్పను. అడగనిది మాత్రం నా నోట్లోంచి లాగాలని చూడకు."

నాకు కోపం రాలేదు. ఆమె చోట నేనుంటే అడిగినదానికి కూడా చెప్పి ఉండేదాన్ని కాదు.

"సరే" అన్నాను. "ట్రిప్పు రద్దు చేయడం ఎలాగో చెప్పు."

ఆమె కొంచెం ఆగింది. "పేరు చూస్తాం. తేదీ చూస్తాం. వద్దంటున్నది ఏ ట్రిప్పో ఇంకోసారి అడిగి, రద్దు నొక్కుతాం."

'రోగి గాని, ఇంటివాళ్లు గాని వద్దన్నప్పుడు ఆ ట్రిప్పును రద్దు చేస్తుంది. ఏ ట్రిప్పో ముందు అడిగి నిర్ధారించుకోవాలి' అని రాసి చూపించాను. ఆమె చదివి, "శుభ్రంగా రాశావు" అని మళ్లీ ఫోనెత్తింది.

వానలు ముదిరాక ఏజెంట్‌కు నిజం ఫోన్లు ఇచ్చారు. డెస్కువాళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాలి, తెర మీద చూడాలి, అంతే. దాని తప్పు కనబడితే పక్కనున్న ఎర్ర బటన్ నొక్కాలి, నొక్కితే అది మేనేజరు లెక్కలోకి వెళ్తుంది. ట్రిప్పులను మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అది తనంతట తాను ఎంతవరకు చేయగలదో తెలియదని మేనేజరు అందరినీ నిలబెట్టి మరీ చెప్పాడు. ఎన్నో ఏళ్లు నోరు ఊరుకోని మనిషిని తీసుకొచ్చి చేతులు కట్టుకుని కూర్చోమంటే ఎలా ఉంటుందో నేను పక్కనుండి చూశాను. అక్క పెదవులు కదిలేవి. ఏజెంట్ చెప్పబోయే మాట ఆమె ముందే లోలోపల అనేసుకునేది. చాలాసార్లు రెండూ ఒకటే అయ్యేవి. అలా అయినప్పుడల్లా ఆమె మొహం ఇంకొంచెం మాడేది.

ఇంట్లో మా ఇద్దరి మధ్య మాటలు 'ఆ గిన్నె ఇటివ్వు' దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. మా ఆయనా బావగారూ ఎంతైనా అన్నదమ్ములు, గొడవ వాసన తగలగానే ఇద్దరికీ ఒకేసారి తమ దుకాణంలో పని గుర్తొచ్చేది. అత్తగారు రోజూ సాయంత్రం గుమ్మంలోనే అడిగేవారు, "మూడో కోడలు ఇవాళేమైనా తప్పు చేసిందా?" అని. లేదని అక్క చెప్తే ఆవిడ నన్ను చూసేవారు.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన ఎడతెరపి లేకుండా పడుతోంది. వంతెన కింద నీళ్లు నిలిచాయి. ఏజెంట్ ఒక పక్క బండ్లను చుట్టుదారిలో పంపుతూ, ఒక పక్క రోగులకు ఆలస్యమవుతుందని ముందే ఫోను చేసి చెప్తూ, డెస్కులో ముగ్గురూ కలిసి చేసే పని ఒక్కతే చేస్తోంది. డెస్కులో మిగతా ఇద్దరూ ఆశ్చర్యపోతూ చూస్తున్నారు. నేనైతే లోపల పొంగిపోతున్నాను. అబద్ధమెందుకు, నా వాక్యాలవి.

మధ్యాహ్నం టైలరు గారి ఫోను వచ్చింది. ఆయన పెద్దాయన, ఒంటరిగా ఉంటాడు. బండెక్కినప్పుడల్లా డ్రైవర్ల యూనిఫాం కుట్టు చూసి, ఈ చంకలు ఎవడు పెట్టాడని కోప్పడే మనిషి. అక్క పక్కన కూర్చుని ఇంకో హెడ్‌ఫోన్లో నేను కూడా విన్నాను.

"ఇవాళ రానమ్మా" అన్నాడు.

"సరేనండి. ఒంట్లో బాగాలేదా?" అంది ఏజెంట్.

"ఏం లేదు. వాన. ఓపిక లేదు."

"డయాలసిస్ మానేస్తే ప్రమాదం కావచ్చండి. మీ డాక్టరుకు ఒక మాట చెప్పండి. ఈ మధ్యాహ్నం ట్రిప్పే కదా రద్దు చేయమంటున్నారు?"

"అదే. చెప్తాలే. తీసెయ్."

"రద్దు చేశానండి. అవసరమైతే మళ్లీ ఫోను చేయండి."

మర్యాదగానే ఉంది. ఏ ట్రిప్పో అడిగింది, జాగ్రత్త చెప్పింది, రాసినట్టే చేసింది. నేను అక్క వైపు చూశాను. ఆమె వేలు ఎర్ర బటన్ మీద ఉంది. నొక్కలేదు. ఇంకో చేత్తో టైలరు గారి పాత ట్రిప్పులు తెరిచింది. పోయిన విడత కూడా రద్దు అని ఉంది, ఆయన కోరిక మీద. అది అక్క లేని పూట ఏజెంట్ చేసిన రద్దు.

"రద్దుకి నువ్వేం రాశావు?" అని అడిగింది.

చెప్పాను. "ఏమైందక్కా? తప్పేమైనా ఉందా?"

"ఏం లేదు."

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. బయట రోడ్డు కనబడటం లేదు. కాసేపు నిలబడి తిరిగొచ్చి కూర్చుంది. ఇంకో రెండు ఫోన్లు వచ్చాయి, రెండింటినీ ఏజెంట్ చక్కబెట్టింది. మేనేజరు అటుగా వెళ్తూ ఆగి, "బాగా చేస్తోంది కదా?" అన్నాడు.

"బాగా చేస్తోంది" అంది అక్క.

ఆయన వెళ్లిపోయాడు. ఏదో జరుగుతోందని నాకు తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. ఆమె తెర వైపు చూడటం లేదు, బల్ల మీది తన చేతుల వైపు చూసుకుంటోంది. నేను భయపడ్డాను.

తర్వాత ఒక్కసారిగా హెడ్‌ఫోన్ తీసేసి, సంచిలోంచి తన సొంత ఫోను తీసి డ్రైవరుకి చేసింది. మేమంతా హారన్ అని పిలిచే డ్రైవరతను, ఏ సందులోకి వెళ్లినా ముందు దాని మోతే వెళ్తుంది.

"ఎక్కడున్నావు? టైలరు గారింటికి వెళ్లు."

అవతల అతనేదో అన్నాడు.

"రద్దయిందని నాకూ తెలుసు. నేను చెప్తున్నాను కదా, వెళ్లు. మామూలుగా ఎలా వెళ్తావో అలాగే వెళ్లు."

"అక్కా, ముట్టుకోవద్దన్నారు" అన్నాను.

"నేనేం ముట్టుకున్నాను? నా ఫోను, నా డబ్బులు."

ఆ బండి చేరేదాకా ఆమె నాకు చెప్పింది. నా వైపు చూడకుండా, గోడకి చెప్తున్నట్టు చెప్పింది.

"డయాలసిస్‌వాళ్లు రానంటే మేం రద్దు చెయ్యం. ఎన్నడూ చెయ్యలేదు. రానన్న మనిషికే ముందు బండి పంపుతాం. డ్రైవరు పైకెళ్లి, మొహం చూసి, ఒక్కసారి అడుగుతాడు. అప్పుడూ వద్దంటే వెనక్కొచ్చేస్తాడు."

"వద్దన్నాక ఎందుకు?"

"రోజు విడిచి రోజు సూదులు పొడిపించుకోవాలంటే ఎవరికైనా విసుగు పుట్టదా? ఫోన్లో రానని చెప్పడం తేలిక. తెలిసిన డ్రైవరు గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడితే చెప్పడం కష్టం. సగంమంది సణుక్కుంటూ ఎక్కేస్తారు. ఇంకొంతమంది రానన్నది విసుగొచ్చి కాదు, లేవలేక. ఓపిక లేదంటారు, వాన అంటారు. అది ఫోన్లో తెలియదు, మనిషిని చూస్తే తెలుస్తుంది."

"ఇది నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు" అంది. అని, కళ్లు మూసుకుంది.

హారన్ ఫోను చేశాడు. కింది నుంచి ఎంత పిలిచినా పలకడం లేదట. అక్క పైకెక్కి చూడమంది. అతను ఫోను పెట్టకుండానే మెట్లెక్కాడు, అతని రొప్పు స్పీకర్లో మాకు వినబడుతోంది. తర్వాత ఏదో తోసిన చప్పుడు.

"మేడమ్, తలుపు పక్కనే కింద కూర్చున్నాడు. ఊపిరి అందట్లేదు. మాట రావట్లేదు."

"పడుకోబెట్టకు" అంది అక్క. గొంతు ఎప్పటిలాగే ఉంది. "కూర్చోబెట్టే తీసుకురా. పక్కింటివాళ్లని పిలు, ఇద్దరూ కలిసి దించండి. వంతెన వైపు వెళ్లకు, నీళ్లున్నాయి. నేను ఆసుపత్రికి చెప్తున్నాను."

చెప్పింది. ఆ తర్వాత మాకు చేయడానికి ఏమీ లేదు. డెస్కులో అందరూ నోళ్లు మూసుకుని కూర్చున్నారు, నా హెడ్‌ఫోన్లో ఏజెంట్ ఒక్కతే ఎవరితోనో మర్యాదగా మాట్లాడుతోంది. ఆ గొంతు వింటుంటే నాకు ఒళ్లు మండింది. దాని మీద కాదు, దాని నోట్లో ఆ మాట పెట్టింది నేను. ఏజెంట్ ఇంకెన్ని ట్రిప్పులు పంపిందో నాకు తెలియదు గాని, చాలాసేపటికి వార్డు నర్సు ఫోను చేసి, ఆయన్ని మెషీన్ మీద పెట్టామనీ, ఇంకాస్త ఆలస్యమైతే చేతులెత్తేయాల్సి వచ్చేదనీ చెప్పింది. అక్క థాంక్స్ అని ఫోను పెట్టేసి, అప్పుడు నొక్కింది ఎర్ర బటన్.

మేనేజరు మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచాడు. "మీరు కల్పించుకోకపోతే ఇది ఎక్కడిదాకా వెళ్తుందో తెలిసేది" అన్నాడు అక్కతో.

"తెలిసేది. టైలరు గారికి."

ఆయన మొహం ఎర్రబడింది. చెడ్డవాడు కాదు, సిగ్గుపడ్డాడు. కాసేపటికి నా వైపు తిరిగి, "అది రాసినట్టే చేసింది కాబట్టి రాసింది మార్చండి. మళ్లీ చూద్దాం. ఈ ఒక్క విషయంలో దాన్ని నమ్మలేమని తేలితే డెస్కు తీసే మాటే లేదు, మనుషులే ఉంటారు. ప్రాణాల మీద ప్రయోగాలు నాకొద్దు" అన్నాడు.

అంటే అక్క కుర్చీ ఉండాలో పోవాలో ఇప్పుడు నా వివరణలో ఉంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఏం రాయాలో నాకు తెలుసు.

మర్నాడు సెలవు. వాన తగ్గలేదు. అక్క వరండాలో తీగ మీద ఆరని బట్టలను అటూ ఇటూ తిప్పుతోంది. నేను రాసింది తీసుకెళ్లి చేతికిచ్చాను. తడి చేతులు తుడుచుకుని చదివింది.

'డయాలసిస్ రోగి రానన్నప్పుడు ఈ పనిముట్టును వాడకూడదు. ఆ ఫోనును డెస్కులో ఉన్న మనిషికి అప్పగించాలి. ఏం చేయాలన్నది ఆమె నిర్ణయం.'

"ఈ చివరి ముక్క ఎవరి కోసం రాశావు?" అంది.

"రోగుల కోసమే."

"నా మొహం చూసి చెప్పు."

చూడలేకపోయాను. "నీ కోసం కూడా. ఏం, తప్పా? నీకు తెలిసినంత దానికి తెలియదు కదా."

"నువ్వు రాస్తే తెలుస్తుంది. తెలియడానికేగా రాస్తున్నది." తడి దుప్పటి ఒకటి తీసి పిండి మళ్లీ ఆరేసింది. "నేను సెలవులో ఉంటే? ఒకేసారి ముగ్గురు రానంటే? నేను ఫోనెత్తేదాకా వాళ్లు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలా?"

"ఎవరో ఒకరు ఉంటారుగా డెస్కులో."

"ఉంటారు. నిన్న నేనున్నాను." ఆమె తీగ పట్టుకుని నిలబడింది. "టైలరు గారు రానన్నాక నేనెంతసేపు ఊరుకున్నానో చూశావుగా. ఏం ఆలోచిస్తున్నాననుకున్నావు?"

నేను కింద పడ్డ క్లిప్పు తీసి అందించాను.

"ఇప్పుడు చెప్తే నువ్వు ఒక్క వాక్యం రాసి సరిచేసేస్తావు అనుకున్నాను. చెప్పకుండా ఉంటే, ఆయనకేమైనా అయితే, నా కుర్చీ నాకుంటుంది అనుకున్నాను. పొరపాటున కాదు, కూర్చుని మరీ అనుకున్నాను. తిరిగెళ్లేటప్పుడు మన ఆఫీసు దగ్గర బండి ఆపించి నాకు బత్తాయి తొనలు వలిచిపెట్టే మనిషి, ఆయన మీద అనుకున్నాను."

ఆమె ఏడుస్తోందని అప్పుడు చూశాను. నేను ఆ ఇంట్లో కాలుపెట్టిన దగ్గర్నుంచీ ఆమె ఏడవడం చూడలేదు.

"పంపావుగా అక్కా. చివరికి నువ్వే పంపావు."

"చివరికి. దానికి ఆ చివరిదాకా ఆగాల్సిన పనిలేదు. కుర్చీ పోతుందన్న భయం దానికి లేదు. బండి పంపమని రాస్తే ఆ నిమిషమే పంపుతుంది." కాగితం నా చేతిలో పెట్టింది. "ఏం చేయాలన్నది ఆమె నిర్ణయం అని రాశావు. ఆ ఆమె ఎవరో నాకు బాగా తెలుసు. తీసెయ్."

"తీసేస్తే డెస్కు పోతుంది."

"నాకు తెలియదా? కూర్చో. చెప్తాను, రాసుకో."

బట్టల కింద, చినుకులు పడుతుంటే కూర్చుని రాశాను. ఆమె చెప్పినకొద్దీ నేను చిక్కబరిచాను, నేను చిక్కబరిచినకొద్దీ ఆమె వదిలేసినవి చేర్చింది. డయాలసిస్ రోగి రానంటే ఈ పనిముట్టు వాడవద్దు. బండిని మామూలుగానే పంపాలి. రానన్నారని డ్రైవరుకు ముందే కబురు పెట్టాలి. అతను ఇంట్లోకి వెళ్లి మనిషిని చూసి ఒక్కసారి అడగాలి, బలవంతపెట్టకూడదు. అప్పుడూ వద్దంటే డ్రైవరు చెప్పాకే రద్దు చేయాలి, ఆ వెంటనే వార్డు నర్సుకు చెప్పాలి. తలుపు తీయకపోతే అత్యవసరం కింద లెక్క.

"ఎందుకో కూడా రాయి" అంది. "ఎందుకో తెలియనివాళ్లకి చెప్పింది ఒక్కటే చేయడం వస్తుంది."

విసుగు గురించి, లేవలేకపోవడం గురించి రెండు వాక్యాలు రాశాను. అది అయ్యాక ఆమె ఆగలేదు. నేను అడగనివన్నీ ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయింది. కొత్తగా డయాలసిస్ మొదలైనవాళ్లకి బండిలో ముందుసీటు ఇవ్వాలట. తిరుగు ప్రయాణంలో ఎవరినీ ఇంటి ముందు దించి వెళ్లిపోకూడదట, లోపల లైటు వెలిగేదాకా ఆగాలట. అత్తగారు గుమ్మంలోంచి అంతా విన్నారు. "నీకు పిచ్చి పట్టింది" అని అక్కనీ, "నీకు కడుపు నిండింది" అని నన్నూ అని లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత చాలాకాలం నాతో మాట్లాడలేదు. రాసినంత మాత్రాన ఆ మూడో కోడలు చదివి తీరాలా అని మాత్రం మా ఆయన్ని అడిగారట.

వానలు వెనకపట్టే ముందు వచ్చింది మళ్లీ అలాంటి ఫోను. ఒకప్పుడు గ్రంథాలయంలో పనిచేసిన ఆవిడ, మాట కరుకు. మేనేజరు మా వెనకాల నిలబడి ఉన్నాడు. అక్కా నేనూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నాం.

"ఇవాళ నేను రాను. బండి పంపొద్దు" అంది ఆవిడ.

"సరేనండి, రమ్మని పట్టుబట్టను" అంది ఏజెంట్. "బండి మాత్రం వచ్చి ఇంటి ముందు ఆగుతుంది. డ్రైవరు ఒకసారి మీ దగ్గరికొచ్చి పలకరిస్తాడు. అప్పుడు కూడా వద్దనిపిస్తే అతనికి చెప్పండి, వెళ్లిపోతాడు. రోజు విడిచి రోజు వెళ్లడం ఎంత విసుగో నాకు చెప్పారు. విసుగు కాకుండా ఒంట్లో ఏమైనా తేడాగా ఉంటే అదీ అతనికి చెప్పండి."

"మీరు వినరు కదా" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఆ మాటలు నేను రాయలేదు. అక్కా చెప్పలేదు. ఎందుకో రాసిన ఆ రెండు వాక్యాల్లోంచి అదే పోగుచేసుకుంది. అక్క పెదవులు కూడా ఈసారి కదలలేదు, వింటూ ఉండిపోయింది. బండి వెళ్లింది. గ్రంథాలయం ఆవిడ తిట్టుకుంటూ ఎక్కిందని హారన్ కబురు పెట్టాడు.

"సరే అయితే" అన్నాడు మేనేజరు. డెస్కులో ముగ్గురినీ ఒకసారి చూశాడు. అక్క ఆయనకు తలూపింది. ఆయన వెళ్లాక హెడ్‌ఫోన్ తీసి, తీగ చుట్టి, బల్ల మీద పెట్టింది. నాది నేనూ తీసేశాను. క్షమించమని అడగాలనుంది, దేనికని అడగాలో తెలియలేదు.

అంతలో ఇంకో ఫోను మోగింది. అలవాటుకొద్దీ అక్క చెయ్యి దాని మీదికి వెళ్లింది. చెయ్యి అందేలోపే మోత ఆగిపోయింది. తెర మీద ఎవరితోనో మాట మొదలైనట్టు చిన్న దీపం వెలిగింది.

"ఎవరట?" అంది అక్క.

హెడ్‌ఫోన్లు రెండూ తీసి పెట్టేశాం కదా, ఇద్దరికీ వినబడలేదు.